ఇంట్లో డేకేర్ పెట్టాలంటే: మీ ప్రశ్నలు, నా జవాబులు

అమెరికాలో ఇంటి దగ్గరే డేకేర్ పెట్టుకోవడం గురించి గత సంచికలో నేను రాసిన చిన్న వ్యాసం చదివి చాలామంది ఉత్తరాలు రాశారు. విడివిడిగా జవాబివ్వడం కుదరలేదు, అందుకని ఎక్కువమంది అడిగినవి ఏరి ఇక్కడ రాస్తున్నాను. నేను కాలిఫోర్నియాలో పదకొండేళ్ళుగా లైసెన్స్‌తో ఇంట్లో డేకేర్ నడుపుతున్నాను. ముందే ఒక మాట. ఇక్కడ డేకేర్ లైసెన్స్ ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం కాదు, రాష్ట్రం. టెక్సస్‌లో ఉన్న మీ అక్క చెప్పిన రూలు న్యూయార్క్‌లో మీకు పనికిరాకపోవచ్చు. నేను రాసింది దారి తెలుసుకోవడానికి వాడుకోండి, ఆఖరి మాట మాత్రం మీ రాష్ట్రం లైసెన్సింగ్ ఆఫీసుదే.

*ప్రశ్న: అక్కా, మేం టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉంటాం. నాకు హెచ్4 ఈఏడీ (హెచ్1బీ ఉద్యోగ వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే పని అనుమతి కార్డు) ఉంది. ఏడాది నుంచి మా అపార్ట్‌మెంట్స్‌లోనే నలుగురు తెలిసినవాళ్ళ పిల్లల్ని చూసుకుంటున్నాను. అందరూ మనవాళ్ళే కదా, దీనికి కూడా లైసెన్స్ కావాలా? ఇప్పుడు వెళ్ళి అడిగితే ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకోలేదని పట్టుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.*

కావాలి చెల్లీ. నాకు వచ్చిన ఉత్తరాల్లో సగం ఇలాంటివే, అందుకే నీకు కాస్త వివరంగా రాస్తాను.

మనవాళ్ళు అంటే మనకు స్నేహితులు, ఊరివాళ్ళు, గుళ్ళో పరిచయమైనవాళ్ళు. చట్టం అడిగేది ఆ పిల్లలు నీకు బంధువులా కాదా అని మాత్రమే. టెక్సస్‌లో డబ్బు తీసుకుని బయటి పిల్లల్ని క్రమం తప్పకుండా ఇంట్లో చూసుకుంటే, ముగ్గురి వరకైతే లిస్టెడ్ ఫ్యామిలీ హోమ్‌గా నమోదు చేసుకోవాలి. అంతకు మించితే రిజిస్టర్డ్ హోమ్, అందులో ఆరుగురిని ఉంచుకోవచ్చు, బడి వదిలాక వచ్చే పెద్దపిల్లల్ని ఇంకో ఆరుగురిని కూడా తీసుకోవచ్చు. మొత్తం మాత్రం నీ సొంత పిల్లలతో కలిపి పన్నెండు దాటకూడదు. రోజంతా ఉండే పిల్లలు ఏడుగురు, ఆపైన అయితే లైసెన్స్‌డ్ హోమ్. ఇదంతా చూసేది అక్కడి హెల్త్ అండ్ హ్యూమన్ సర్వీసెస్ కమిషన్. నీ దగ్గర నలుగురున్నారు, అంటే నీకు కావాల్సింది రిజిస్ట్రేషన్. దానికి ఇరవై ఒక్క ఏళ్ళు నిండి ఉండాలి, హైస్కూల్ చదువుకు సరిపడే సర్టిఫికెట్ ఉండాలి.

నీ ఈఏడీ మీద సొంతంగా పని చేసుకోవచ్చు, ఆ విషయంలో బెంగ లేదు. కానీ కార్డు మీద ఉన్న గడువు తేదీ మర్చిపోకు, రెన్యువల్‌కి ముందుగానే పెట్టుకో, ఎందుకంటే పని చేసే అనుమతి లేని రోజు ఒక్కటున్నా ఆ రోజు డేకేర్ మూయాల్సిందే. మీ ఆయన హెచ్1బీ మీద ఉంటే ఆయన మధ్యాహ్నం మీటింగుల మధ్యలో వచ్చి పిల్లల్ని చూసుకోవడం, నీ డేకేర్‌లో జీతం తీసుకోవడం ఆయన వీసాలో లేని పనులు. ఆయన్ని దీనికి దూరంగానే ఉంచు.

ఇక నీ అసలు భయం గురించి. దరఖాస్తులో ఒక్క అబద్ధం కూడా రాయకు. ఇన్నాళ్ళ సంగతి గురించి భయంగా ఉంటే ముందు ఒక లాయర్‌తో మాట్లాడు, ఆ తర్వాత లైసెన్సింగ్ ఓరియెంటేషన్‌కి, అంటే దరఖాస్తు గురించి చెప్పే క్లాసుకి, పేరు ఇచ్చుకో. నమోదు అయ్యేదాకా పిల్లల్ని ఆపాలా వద్దా అన్నది కూడా అక్కడే తేల్చుకో. మీ ఏరియా చైల్డ్ కేర్ రిసోర్స్ అండ్ రిఫరల్ ఏజెన్సీకి ఫోన్ చేస్తే ఏ కాగితం ఎక్కడ పెట్టాలో చెప్తారు, ఇలాంటివి దేశమంతా ఉన్నాయి. కొత్తగా ఇంకో పాపని మాత్రం ఇప్పుడు తీసుకోకు.

నా భయం వేరే ఉంది. ఒక పిల్లాడు సోఫా మీంచి పడి చెయ్యి విరిగిందనుకో. హాస్పిటల్లో అడుగుతారు, ఎక్కడ పడ్డాడు, ఎవరు చూస్తున్నారు అని. ఆ తల్లిదండ్రులు ఎంత మంచివాళ్ళైనా నిజం చెప్పక తప్పదు. అద్దెకుండేవాళ్ళు తీసుకునే నీ రెంటర్స్ ఇన్సూరెన్స్ తీసి చూడు, ఇంట్లో వ్యాపారం చేస్తే జరిగే నష్టానికి మామూలు పాలసీలు సాధారణంగా డబ్బు ఇవ్వవు. అప్పుడు ఆ బిల్లు, ఆ కేసు, ఆ స్నేహం అన్నీ నీ నెత్తిన పడతాయి. ఆలస్యమైనా సరే, ఇప్పుడు చేసెయ్యి.

*ప్రశ్న: మేడమ్, వచ్చే నెల మా అత్తయ్య మామయ్య విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వస్తున్నారు. అత్తయ్యకి పిల్లలంటే ప్రాణం. ఆవిడ సాయం చేస్తే ఇంకో ఇద్దరిని తీసుకోవచ్చనుకుంటున్నాను. నాకు ఈమధ్యే లైసెన్స్ వచ్చింది.*

ఆ లెక్క వేసుకోకండి, దయచేసి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు పని చేయకూడదు. కోడలికి సాయం చేస్తున్నా అని ఆవిడ అనుకుంటుంది, కానీ మీరు డబ్బు తీసుకుని చూసే పిల్లల్ని ఆవిడ చూసుకుంటే అది ఉద్యోగంలాగే కనిపిస్తుంది.

రెండో సంగతి, 2014లో అమెరికా కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) రాష్ట్రాలకి డేకేర్ నిధులిచ్చే చైల్డ్ కేర్ బ్లాక్ గ్రాంట్ చట్టాన్ని సవరించినప్పటి నుంచి రాష్ట్రాలన్నీ డేకేర్ నడిపేవాళ్ళకి, అక్కడ పని చేసేవాళ్ళకి, ఇంటి డేకేర్ అయితే ఆ ఇంట్లో ఉండే పద్దెనిమిదేళ్ళు నిండిన ప్రతి ఒక్కరికీ బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయాలి. ఎఫ్‌బీఐ దగ్గర వేలిముద్రలు, రాష్ట్రం క్రిమినల్ రికార్డులు, సెక్స్ అఫెండర్ల జాబితా, పిల్లల్ని హింసించినవాళ్ళ జాబితా, ఇవన్నీ చూస్తారు. గత ఐదేళ్ళలో వేరే రాష్ట్రాల్లో ఉండి ఉంటే అక్కడివీ చూస్తారు, మళ్ళీ ఐదేళ్ళకొకసారి చేయించాలి. ఆరు నెలలు ఉండేవాళ్ళు ఈ లెక్కలోకి వస్తారా అని మీ లైసెన్సింగ్ ఆఫీసర్‌ని వాళ్ళు విమానం ఎక్కకముందే ఈమెయిల్‌లో అడగండి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తీసుకుని దాచుకోండి. పిల్లలకీ పెద్దవాళ్ళకీ ఉండాల్సిన నిష్పత్తిలో అత్తయ్యని లెక్కపెట్టడానికి వీల్లేదు, మీరు పక్క గదిలోకి వెళ్ళినా పిల్లల్ని ఆవిడ ఒక్కదాని దగ్గర వదిలి వెళ్ళకూడదు.

ఇది అత్తగారికి చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. మా అమ్మ నా దగ్గర ఉండటానికి వచ్చినప్పుడు "ముగ్గుర్ని పెంచినదాన్ని, నాకు వేలిముద్రలా" అని నన్ను అడిగింది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఆ నెలలోనే ఇన్‌స్పెక్టర్ చెప్పకుండా వచ్చింది. అమ్మ బీపీ మాత్రల డబ్బా డైనింగ్ టేబుల్ మీద, రెండేళ్ళ పిల్లాడి చేతికి అందేంత దూరంలో ఉంది. తప్పు పూర్తిగా నాది, పొద్దున్నే చూసుకోవాల్సింది నేను. ఆ తప్పు నా రికార్డులో రాశారు, ఇప్పటికీ ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. దాని గురించి ఎవరైనా అడిగితే జరిగింది జరిగినట్టు చెప్తాను. ఆ రోజు తర్వాత అమ్మ ఆ డబ్బాని తన సూట్‌కేసులో పెట్టి తాళం వేసుకునేది, వేలిముద్రల మాట మళ్ళీ ఎత్తలేదు.

*ప్రశ్న: మేం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. ఇంటి ఓనర్ డేకేర్ వద్దంటున్నాడు. సొంతిల్లు లేనివాళ్ళు ఆశ వదులుకోవాల్సిందేనా?*

కాలిఫోర్నియాలో అయితే వదులుకోనక్కర్లేదు. 2020 జనవరి నుంచి అమల్లో ఉన్న ఎస్‌బీ 234 అనే చట్టం ప్రకారం ఇంటి డేకేర్‌ని, చిన్నదైనా పెద్దదైనా, మామూలుగా ఆ ఇంట్లో కాపురం ఉన్నట్టే చూడాలి. సిటీవాళ్ళు దీనికోసం ప్రత్యేకంగా జోనింగ్ పర్మిట్ (ఆ స్థలంలో ఈ పని చేసుకోవచ్చనే అనుమతి) అడగకూడదు, అద్దె ఒప్పందంలో డేకేర్ వద్దని రాసి ఉన్నా ఆ మాట చెల్లదు. కానీ మీరు మొదలుపెట్టడానికి ముప్పై రోజుల ముందు ఓనర్‌కి రాతపూర్వకంగా తెలియజేయాలి. ఇంకో మెలిక ఉంది. చిన్న డేకేర్‌లో ఆరుగురు దాటి ఎనిమిది దాకా తీసుకోవాలంటే మాత్రం ఓనర్ సంతకం కావాలి. ముందు ఆరుగురితో మొదలుపెట్టండి, ఒక ఏడాది గడిచి ఇల్లు శుభ్రంగా ఉందని ఆయన చూశాక ఎనిమిది గురించి అడగండి. వేరే రాష్ట్రాల్లో ఇంత రక్షణ ఉండకపోవచ్చు, హెచ్‌ఓఏ (కాలనీలో ఇళ్ళ ఓనర్ల సంఘం) రూల్స్ కూడా చూసుకోవాలి, కాబట్టి అక్కడివాళ్ళు అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టేముందే అడగండి.

అన్నట్టు కాలిఫోర్నియాలో చిన్న డేకేర్‌లో ఎంతమంది పిల్లలుండొచ్చన్న లెక్క ఇలా ఉంటుంది. అందరూ రెండేళ్ళలోపు పసివాళ్ళే అయితే నలుగురు. పసివాళ్ళనీ పెద్దపిల్లల్నీ కలిపి తీసుకుంటే ఆరుగురు, అందులో పసివాళ్ళు ముగ్గురికి మించకూడదు. ఎనిమిది మంది కావాలంటే ఒకరైనా బడికి వెళ్ళేవాళ్ళు, ఇంకొకరైనా ఆరేళ్ళు నిండినవాళ్ళు ఉండాలి, పసివాళ్ళు ఇద్దరికి మించకూడదు. మీ ఇంట్లో ఉండే పదేళ్ళలోపు మీ పిల్లలు కూడా ఈ లెక్కలోకే వస్తారు, ఇది చాలామందికి తెలియక మొదటి తనిఖీలోనే దొరికిపోతారు. అసిస్టెంట్‌ని పెట్టుకుని పన్నెండు, పద్నాలుగు మందిని చూసే పెద్ద డేకేర్‌కి ముందు ఒక ఏడాది చిన్నది నడిపిన అనుభవమో, డేకేర్ సెంటర్‌లో టీచర్‌గా పనిచేసిన అనుభవమో చూపించాలి. నేను రెండేళ్ళు చిన్నదే నడిపాను. తొందరపడి ఉంటే మధ్యలోనే వదిలేసేదాన్నేమో.

*ప్రశ్న: నేను ఇండియాలో బీకాం చేశాను. ఇక్కడ మళ్ళీ చదవాలా?*

ఇంటి డేకేర్‌కి డిగ్రీ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో పద్దెనిమిదేళ్ళు నిండి, ఓరియెంటేషన్, పిల్లల సీపీఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి, ఊపిరి ఊది చేసే చికిత్స), ఫస్ట్ ఎయిడ్ కలిపి పదహారు గంటల హెల్త్ అండ్ సేఫ్టీ శిక్షణ, టీబీ పరీక్ష, మీజిల్స్, కోరింత దగ్గు టీకాల కాగితాలు ముఖ్యంగా ఉండాలి. సీపీఆర్ ఆన్‌లైన్‌లో వీడియో చూసి తెచ్చుకునే సర్టిఫికెట్ పనికిరాదు, ఎదురుగా కూర్చుని బొమ్మ మీద నొక్కి నేర్చుకోవాలి. అది రూల్ కాకపోయినా నేను అదే చెప్పేదాన్ని. నెలల పిల్లల గుండె మీద నిమిషానికి 100 నుంచి 120 సార్లు, దాదాపు నాలుగు సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి. ఆ వేగం, ఆ బలం చేతికి అలవాటు కావాలి, చదివితే రాదు.

సెంటర్‌లో టీచర్‌గా చేయాలంటే మాత్రం చదువు కావాలి, కాలిఫోర్నియాలో ఎర్లీ చైల్డ్‌హుడ్ (చిన్నపిల్లల విద్య) కోర్సుల్లో పన్నెండు కాలేజీ యూనిట్లు. దేశమంతా గుర్తింపు ఉన్నది సీడీఏ, అంటే చైల్డ్ డెవలప్‌మెంట్ అసోసియేట్ అనే సర్టిఫికెట్. దానికి 120 గంటల శిక్షణ, 480 గంటల అనుభవం ఉండాలి. ఇంటి డేకేర్ వాళ్ళు కూడా తీసుకోవచ్చు, తీసుకుంటే మంచిదే.

*ప్రశ్న: మా దగ్గర ఐదు నెలల బాబు ఉన్నాడు. వాళ్ళమ్మ "బోర్లా పడుకోబెడితేనే నిద్రపోతాడు, లేకపోతే ఉయ్యాల్లో వేయండి" అంటోంది. ఇంకో పాప తండ్రి "మాట వినకపోతే రెండు తగిలించండి, మేమేం అనుకోం" అన్నాడు. తల్లిదండ్రులే ఒప్పుకుంటే తప్పేముంది?*

ఈ ప్రశ్న పంపినందుకు మీకు మనస్ఫూర్తిగా థాంక్స్, ఎందుకంటే ఇక్కడ పొరపాటు జరిగితే ప్రాణాల మీదికి వస్తుంది.

ఏడాదిలోపు పిల్లల్ని వెల్లకిలానే పడుకోబెట్టాలి. గట్టిగా, చదునుగా ఉన్న పరుపు, బిగుతుగా తొడిగిన షీటు, అంతే. తలగడ వద్దు, దుప్పటి వద్దు, బొమ్మ వద్దు. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 1992లో బోర్లా పడుకోబెట్టొద్దని చెప్పింది, 1994లో దేశమంతా ప్రచారం మొదలైంది, ఆ తర్వాత నిద్రలో హఠాత్తుగా చనిపోయే పసివాళ్ళ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. ఇంట్లో వెల్లకిలా అలవాటైన బిడ్డని డేకేర్‌లో మొదటిసారి బోర్లా వేస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. తల్లి సంతకం చేసి ఇచ్చినా మీరు బోర్లా వేయకూడదు, డాక్టర్ వైద్య కారణం రాసిస్తే అది వేరే సంగతి. ఉయ్యాల, స్వింగ్, కార్ సీట్, వీటిలో నిద్రపోతే తీసి తొట్టిలో పడుకోబెట్టాలి. పాత తొట్టి ఎవరైనా ఉచితంగా ఇస్తామన్నా జాగ్రత్త. పక్క కిందికి జారే తొట్లను 2011లో నిషేధించారు, పసివాళ్ళని పడుకోబెట్టే, పది డిగ్రీల కన్నా ఏటవాలుగా ఉండే స్లీపర్లను 2022 చట్టంతో ఆపేశారు.

మనం ఉయ్యాల్లో ఊగుతూ పెరిగినవాళ్ళం, నిజమే. జోల పాడండి, ఒళ్ళో వేసుకుని ఊపండి, కళ్ళు మూతలు పడుతున్నప్పుడు తొట్టిలో వెల్లకిలా పడుకోబెట్టండి. మొదటి వారం ఏడుస్తాడు. తర్వాత అలవాటవుతుంది. నా దగ్గర ఇలాంటి పిల్లలు చాలామంది అలవాటు పడ్డారు, ఒక పాపకి మాత్రం మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలు నా వీపు నొప్పి ఇంకా గుర్తుంది.

ఇక కొట్టడం గురించి. లైసెన్స్ ఉన్న మీరు కొట్టకూడదు, అన్నం పెట్టనని బెదిరించకూడదు, గదిలో పెట్టి తలుపు వేయకూడదు. తండ్రి చెప్పినా సరే. ఆయనతో కోపంగా మాట్లాడక్కర్లేదు. "అన్నా, నేను కొట్టను, కొడితే నా లైసెన్స్ పోతుంది, పాప మాట వినేలా చేసే బాధ్యత నాది" అని ఒక్కసారి స్పష్టంగా చెప్పండి, చేర్చుకునేటప్పుడు ఇచ్చే ఒప్పందంలో కూడా రాయండి. ఇంకో బాధ్యత కూడా మీకు ఉంది. పిల్లల ఒంటి మీద గాయం చూసి హింస జరుగుతోందని సహేతుకమైన అనుమానం వస్తే మీరు తప్పనిసరిగా అధికారులకు ఫిర్యాదు చేయాల్సినవాళ్ళు. రుజువు మీరు వెతకనక్కర్లేదు, అనుమానం చాలు. మన తెలుగువాళ్ళ కుటుంబం కదా, గొడవ ఎందుకని ఊరుకోకూడదు. ఆ బిడ్డ తరఫున మాట్లాడటానికి రోజుకి పది గంటలు చూసే మీరు తప్ప ఇంకెవరూ ఉండకపోవచ్చు.

*ప్రశ్న: క్యాష్ తీసుకుంటే లాభమని ఒకావిడ చెప్పింది. ట్యాక్స్ కడితే మిగిలేదేముంది?*

ఆ సలహా వినకండి, అది చట్టవిరుద్ధం. పైగా లెక్క చూపించేవాళ్ళకే మిగులుతుంది. మామూలుగా ఇంట్లో ఆఫీసు ఖర్చు చూపించాలంటే ఆ గదిని పనికి మాత్రమే వాడాలి. డేకేర్‌కి ఐఆర్‌ఎస్ (ఇక్కడి ఆదాయపు పన్ను శాఖ) ఈ రూలు సడలించింది, పగలు పిల్లలు ఆడుకున్న హాల్లోనే రాత్రి మీరు టీవీ చూసుకున్నా ఖర్చులో వాటా చూపించుకోవచ్చు. కానీ ఒక షరతు ఉంది: మీకు లైసెన్స్ ఉండాలి, లేదా దరఖాస్తు చేసి ఉండాలి, లేదా మీ రాష్ట్రంలో మీకు లైసెన్స్ అక్కర్లేదని మినహాయింపు ఉండాలి. అది లేకపోతే ఈ సౌకర్యం లేదు.

లెక్క చూడండి. రోజుకి 11 గంటలు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి 50 వారాలు అంటే 2,750 గంటలు. ఏడాదిలో ఉండేవి 8,760 గంటలు. అంటే దాదాపు 31 శాతం. రెండు వేల చదరపు అడుగుల ఇంట్లో 1,200 అడుగులు పిల్లల కోసం క్రమంగా వాడితే 60 శాతం. రెండూ హెచ్చిస్తే దాదాపు 19 శాతం. మీ అద్దె, కరెంటు, నీళ్ళు, ఇన్సూరెన్స్‌లో ఆ వాటా వ్యాపార ఖర్చుగా ఫారం 8829లో చూపించవచ్చు. పిల్లలు వెళ్ళాక తుడిచి కడిగి సర్దే సమయం కూడా గంటల్లోకి వస్తుంది, అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకుని రాసుకోండి. తల్లిదండ్రులు ట్యాక్స్ క్రెడిట్ తీసుకోవాలంటే మీ ట్యాక్స్ నంబర్ అడుగుతారు, సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వడం ఇష్టం లేకపోతే ఐఆర్‌ఎస్ దగ్గర ఉచితంగా ఈఐఎన్ (వ్యాపారానికి ఇచ్చే ట్యాక్స్ నంబర్) తీసుకోండి.

చాలామందికి తెలియని ఇంకొకటి, సీఏసీఎఫ్‌పీ అనే వ్యవసాయ శాఖ పథకం. డేకేర్‌లో పిల్లలకు పెట్టే తిండికి, రోజుకి ఒక్కొక్కరికి రెండు భోజనాలు, ఒక స్నాక్ వరకు, కొంత డబ్బు తిరిగి ఇస్తారు. మీ ఏరియాలోని స్పాన్సర్ సంస్థ ద్వారా చేరాలి. పెట్టిన తిండి రోజూ రాయాలి, అది కాస్త పనే, కానీ నెల చివర ఆ డబ్బు చాలా ఆదుకుంటుంది.

ఇన్సూరెన్స్ మాత్రం ట్యాక్స్‌కి ముందే చూడండి. కాలిఫోర్నియాలో పాలసీ లేకపోతే తల్లిదండ్రుల దగ్గర ఆ సంగతి తెలుసని సంతకం తీసుకుని నడపవచ్చు. చట్టం ఒప్పుకుంటుంది గానీ నేను ఒప్పుకోను. పాలసీ తీసుకోండి.

*ప్రశ్న: నేను డేకేర్ పెట్టేదాన్ని కాదు, బిడ్డని పంపాల్సిన తల్లిని. మా పాపకి ఎనిమిది నెలలు. దగ్గర్లో ఒక తెలుగు ఆంటీ లైసెన్స్ ఉందంటోంది. కాగితం చూపించమంటే బాధపడుతుందేమో, ఎలా అడగాలి?*

అమ్మా, నిజంగా లైసెన్స్ ఉన్నవాళ్ళు బాధపడరు. మేం దాని కోసం ఎన్ని నెలలు తిరిగామో మాకు తెలుసు, అడిగితే సంతోషంగా చూపిస్తాం. లైసెన్స్ నంబర్ అడిగి మీ రాష్ట్రం లైసెన్సింగ్ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి, తనిఖీ రిపోర్టులు అక్కడ పెట్టాలని 2014 సవరణే చెప్పింది. చిన్న చిన్న తప్పులు రాసి ఉంటే వెంటనే వద్దనుకోకండి, నాకూ ఉంది కదా. ఏ తప్పు, ఎన్నిసార్లు, సరిదిద్దారా లేదా అన్నది చూడండి. మందుల డబ్బా ఒకసారి బయట ఉండటం వేరు, లెక్కకు మించి పిల్లల్ని మళ్ళీ మళ్ళీ ఉంచుకోవడం వేరు.

తర్వాత మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళ ఇల్లు చూడటానికి వెళ్ళండి. పాపని ఎక్కడ పడుకోబెడతారో చూపించమనండి. ఎంతమంది పిల్లలున్నారో మీరే లెక్కపెట్టుకోండి. లైసెన్స్ మీద రాసిన సంఖ్యతో సరిపోల్చండి. ఆవిడ లేనప్పుడు ఎవరు చూస్తారని అడగండి, ఆ మనిషికి కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయిందా అని అడగండి. ఒకవేళ నంబర్ అడిగితే "మనలో మనకి అవన్నీ ఎందుకమ్మా" అని మాట మారిస్తే, కాఫీ తాగి, నమస్కారం పెట్టి, ఇంకో ఇల్లు చూసుకోండి.